పెరట్లో గోదావరి: వేసవి సెలవుల ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ ఆఖరి వారం

బడులకి సెలవులిచ్చేశారు. మళ్ళీ జూన్ 12న తెరిచేదాకా మా వీధి పిల్లలు, హైదరాబాదు నుంచి వచ్చిన మా చెల్లెలి పిల్లలు అందరూ మా పెరట్లోనే. ఈసారి రోజుకో ఆట వెతకడం మానేసి, సెలవుల పొడుగునా సాగే పని ఒకటి పెట్టుకున్నాం. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి సముద్రం దాకా గోదావరి డెల్టాని పెరట్లో మట్టితో కట్టాలి. అందులో నీళ్ళు నిజంగా పారాలి. ఆనకట్ట దగ్గర ఆగాలి, కాలువల్లోకి మళ్ళాలి, మళ్ళకి అందాలి, మిగిలినవి సముద్రంలో కలవాలి.

ఈ ఆలోచన పిల్లల మాటల్లోంచే వచ్చింది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువలకి నీళ్ళు ఆపేశారు. మా వీధి చివర కాలువ అడుగు బయటపడి నత్తగుల్లలు, ప్లాస్టిక్ సీసాలు కనబడుతున్నాయి. "పెద్దమ్మా, నీళ్ళేవి?" అని చెల్లెలి కూతురు అడిగింది. "లాకుల దగ్గర తలుపులు మూసి ఆపేశారు" అని ఎదురింటి అబ్బాయి చెప్పాడు. మరి లాకుల దగ్గరికి ఎక్కణ్ణుంచి వస్తాయి అంటే వాడికీ తెలీదు. పుట్టినప్పట్నుంచీ ఆ గట్టు మీదే సైకిలు తొక్కుతున్నవాడు వాడు. నిండుగా పారుతున్నప్పుడు ఎవరికీ రాని అనుమానం, కాలువ ఎండినప్పుడు వచ్చింది. దాన్ని వదులుకోవాలనిపించలేదు.

స్థలం కొబ్బరిచెట్ల మధ్య ఖాళీ. పిల్లల్ని అక్కడ వదిలే ముందు దింపు తీయించాను, అంటే చెట్లెక్కించి కాయలు కోయించాను. మా చెట్లు 1996 నవంబరు తుపానులో పాతవి పడిపోయాక వేసినవి. ఇప్పుడు మంచి కాపు మీద ఉన్నాయి. గెలలే కాదు, వేలాడే ఎండు మట్ట ఊడి పడినా చిన్నపిల్లల తల పగులుతుంది. దింపు తీసేవాడు కాయలతో పాటు ఎండు మట్టలన్నీ కొట్టేసి, "ఆయ్, ఇంక ఫర్వాలేదండి. అయినా గాలేస్తే మాత్రం పిల్లల్ని లోపలికి పిలిచెయ్యండమ్మా" అన్నాడు. కొబ్బరితోటలో పిల్లల్ని ఆడించాలనుకునేవాళ్ళు అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఇదే.

ఇంకో రెండు కట్టుబాట్లు. కొబ్బరి డొక్కల పోగులో తేళ్ళు, పాములు చేరతాయి కాబట్టి కర్రతో గట్టిగా కొట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. పని పొద్దున్న తొమ్మిదింటి దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగున్నర దాటాక. మన డెల్టాలో ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత. చెమట పడుతుంది కానీ ఆరదు. ఒళ్ళు చల్లబడదు. అందుకని నీడలో ఉన్నా గంటకోసారి మజ్జిగో, కొబ్బరినీళ్ళో తాగాల్సిందే. బాగా నీరసపడితే ఇవ్వడానికి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి సీసాలో పెట్టుకుంటున్నాను. ఆ కొలతలు కళ్ళతో అంచనా వెయ్యకూడదు, చెంచాతోనే కొలవాలి.

మే మొదటి వారం

ముందు మట్టం. ఉత్తరాన నుయ్యి వైపు ధవళేశ్వరం, దక్షిణాన అరటి పిలకల వైపు సముద్రం. మధ్య పదిహేను అడుగులు. నేల చూడ్డానికి వాలుగా ఉన్నట్టే ఉంది కానీ నీళ్ళు పోస్తే ఉన్నచోటే ఇంకిపోతున్నాయి. వీధిలో ఇల్లు కడుతున్న తాపీమేస్త్రిని అడిగి నీళ్ళ ట్యూబు తెచ్చాం. పారదర్శకంగా ఉండే సన్న గొట్టం, అంతే. గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపి రెండు కొసలూ ఇద్దరు పట్టుకుంటే, మధ్యలో గొట్టం ఎన్ని మెలికలు తిరిగినా రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి. పిల్లలు దీన్ని నమ్మలేదు. ఒకడు కొసని పైకెత్తాడు, ఇంకొకడు గొట్టాన్ని చెట్టు చుట్టూ తిప్పాడు. ఎంత చేసినా మట్టం మారకపోయేసరికి ఆ పొద్దు ఆట అంతా ట్యూబుతోనే. నేను కదిలించలేదు. ఇంటి అరుగు ఎంత ఎత్తో, గేటు దగ్గర నేల ఎంత పల్లమో కూడా కొలిచేశారు. చివరికి ఆ కొసకీ ఈ కొసకీ అరడుగు వాలు ఉండేలా మట్టి సర్దారు. నిజం డెల్టా ఇంత వాలు కాదు, దాదాపు బల్లపరుపు. అందుకే మన నది తొందరపడకుండా పాయలు పాయలుగా విడిపోయి వెళుతుందని వాళ్ళకి చెప్పాను.

సముద్రానికి జానెడు లోతు గొయ్యి తీసి పాత టార్పాలిన్ పరిచాం. అంతకంటే లోతు వద్దన్నాను. ఆ చేరిన నీళ్ళనే బకెట్లతో ఎత్తి మళ్ళీ పైన పోస్తున్నారు. కాలువలు కట్టేసిన రోజుల్లో నీళ్ళు వృథా చెయ్యడం నాకు ఇష్టం లేదు. చీకటి పడేలోపు గోతిలో మిగిలినవన్నీ అరటి పాదుల్లోకి వెళ్ళిపోవాలి. నీళ్ళు నిలవుంటే దోమలు గుడ్లు పెడతాయి, వారం పది రోజుల్లో పెద్దవైపోతాయి. నడకొచ్చిన పసిపిల్లలున్న వీధిలో జానెడు నీళ్ళు కూడా రాత్రిపూట ఉంచకూడదు.

మధ్యాహ్నాలు వరండాలో ఆకుల పని. దింపులో పడ్డ మట్టలున్నాయి కదా. కొబ్బరాకుని ఈనె నుంచి చీల్చి, సన్నటి కొస దగ్గర గట్టిగా చుట్టడం మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పేలా ఏటవాలుగా తిప్పుకుంటూ పోతే గరాటులా తయారవుతుంది. వెడల్పు వైపు విడిపోకుండా ఈనె ముక్క గుచ్చాలి. సన్నటి వైపు ఆకు ముక్కని మడిచి దూర్చి వేళ్ళతో చదునుగా నొక్కాలి. ఊదితే ఆ మడత అంచులు రెండూ వణికి మోగుతాయి. పొడుగు బూర బొంగురుగా, పొట్టి బూర కీచుగా. పెద్దపిల్లలు రెండు మూడు ఆకులు కలిపి మూరెడు బూరలు చేశారు. వీటికి మా నదిలో ఉద్యోగం కూడా దొరికింది. ఆనకట్ట దగ్గర ఉన్నవాడు నీళ్ళు వదిలేటప్పుడు పొడుగు బూర, సముద్రం దగ్గర ఉన్నవాడు నీళ్ళు చేరగానే పొట్టి బూర.

మే రెండో వారం

ఆనకట్ట నిలబడడం లేదు. ఇసుక పోగేసి కట్ట వేశారు. నీళ్ళు దాని మీంచి కాదు, కింద నుంచి వెళ్ళిపోతున్నాయి. కాసేపటికి కట్ట మధ్యలో కుంగి తెగిపోతుంది. చెరువు జిగటమట్టి మెత్తారు. ఇప్పుడు నీళ్ళు పైనుంచి దూకి, కట్ట అవతలి పాదం దగ్గర గొయ్యి తవ్వేసి, వెనక నుంచి కూలగొడుతున్నాయి.

ఈ దశలో ధవళేశ్వరం తీసుకెళ్ళాను. మంచి పని జరిగింది. పుస్తకంలో చూసినదానికీ, తన కట్ట తెగిపోయి మనసు కష్టపెట్టుకున్న పిల్లాడు వెళ్ళి చూసినదానికీ చాలా తేడా ఉంది. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి అయింది. ఆయన మ్యూజియం అక్కడే ఉంది. అంత పెద్ద నదికి ఇసుక మీదే ఆనకట్ట ఎలా నిలబడిందన్నది మా పెద్దాడి ప్రశ్న. బరువైన రాళ్ళు, కింది వైపు చాలా దూరం వాలుగా పరిచిన రాతి కట్టడం అని చెప్పాను. నీళ్ళు ఒక్కసారిగా కింద పడి గొయ్యి తవ్వకుండా రాళ్ళ మీద జారుకుంటూ వెళ్ళి నెమ్మదిస్తాయి. వాడు నన్ను ఇంకేమీ అడగలేదు. ఇంటికొచ్చాక జేబులోంచి గులకరాళ్ళు తీశాడు.

ఇంకో సంగతి వాళ్ళే గమనించారు. బ్యారేజీ ఒకే గోడ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు, అంటే నదిలోని దీవులు. అన్నీ కలిపి 175 గేట్లు. తూర్పు డెల్టా కాలువ ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టా కాలువ విజ్జేశ్వరం దగ్గర బయలుదేరతాయి. మన కోనసీమకి వచ్చేది బొబ్బర్లంక నీళ్ళు. ఎదురింటి అబ్బాయికి తన కాలువ మొదలు దొరికింది.

కొత్త ఆనకట్ట మూడు లంకలతో, నాలుగు ముక్కలుగా, కింద గులకరాళ్ళ వాలుతో లేచింది. గేట్లకి విరిగిన పెంకులు. నిలబడింది. ఆ సాయంత్రం బూరల మోతకి పక్కింటి మామ్మగారు కూడా గోడ దగ్గరికొచ్చి చూశారు.

మే నడిమి రోజులు

తాటి ముంజెలు వచ్చాయి. రెండు పూటలు నదికి సెలవు. ముంజెలు తిన్నాక మిగిలిన బుర్రలతో బండ్లు. రెండు బుర్రలూ ఒకే సైజువి ఏరుకోవాలి, లేకపోతే బండి ఒక పక్కకే లాగుతుంది. జానెడు గట్టి పుల్లని రెండిటి నడిమధ్యలో గుచ్చి ఇరుసు చెయ్యాలి. పొడుగాటి పంగల కర్ర తెచ్చి, ఆ పంగని ఇరుసు మీద ఆనించి తోసుకుంటూ పరిగెత్తడమే. పంగ ఇరుసుని బిగించి పట్టుకుంటే చక్రాలు తిరగవు, మరీ వదులైతే మలుపులో జారిపోతుంది. కాయలు కొట్టడం పెద్దవాళ్ళ పని. కత్తి పిల్లలకి ఇవ్వలేదు. పుల్లలు చెక్కుకోవడానికి పెద్దపిల్లలకి చిన్న చాకు ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. చేతికి పని చెప్పకుండా పెంచితే ఆ చేతికి జాగ్రత్త కూడా రాదని నా నమ్మకం.

మా పాయల గట్టు మీద బండ్ల పందేలు పెట్టుకున్నారు. గట్టు తొక్కిడికి గట్టిపడింది. ఆటలో అదొక లాభం.

ఆ తర్వాత వారం

ఆనకట్ట దిగువన నది రెండుగా చీలింది. తూర్పున గౌతమి, పడమర వసిష్ఠ. వసిష్ఠ నుంచి వైనతేయ విడదీశారు. గౌతమి యానాం వైపు, వసిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసేలా జెండాలు పాతారు. మధ్యలో మన ఊరికి ఒక శంఖుపువ్వు.

ఇప్పుడు అసలు చిక్కు. మధ్య డెల్టా కాలువ నీళ్ళు నగరం అనే లంకకి వెళ్ళాలంటే వైనతేయని దాటాలి. నీళ్ళు నీళ్ళని ఎలా దాటతాయి? హైదరాబాదు పిల్లలు పైపు వేద్దామన్నారు. మా ఊరి పిల్లలకి మాత్రం పి.గన్నవరం అక్విడెక్టు కళ్ళముందే ఉంది. రాజోలు వెళ్ళేటప్పుడు బస్సులోంచి రోజూ చూసేదే, కింద నది, పైన కాలువ. అరటిచెట్టు కొట్టినప్పుడు వచ్చిన దొప్ప ఒకటి తీసుకున్నారు. సహజంగానే తొట్టిలా వంపు తిరిగి ఉంటుంది, నీళ్ళు ఇంకవు. ఇటుక ముక్కల స్తంభాల మీద దాన్ని పరిచి రెండు కొసల దగ్గరా జిగటమట్టి మెత్తారు. కింద వైనతేయ పారుతుంటే పైన కాలువ పారింది. హైదరాబాదు చిన్నది నేల మీద పడుకుని, రెండు నీళ్ళ మధ్య సందులోంచి అవతలి వైపు చూస్తూ చాలాసేపు లేవలేదు. దొప్ప మూడు నాలుగు రోజులకి కుళ్ళిపోతుంది, మారుస్తూ ఉండాలి.

కాలువల వెంట మళ్ళు కట్టి మెంతులు చల్లారు. వరి వేద్దామని వాళ్ళ కోరిక. కానీ మెంతులు నాలుగైదు రోజుల్లోనే మొలుస్తాయి, పిల్లల ఓపికకి సరిపోతాయి. ఒక్కొక్కరికీ ఒక మడి. ఎవరి మడి ఎక్కడన్నది చీట్లు వేసి తేల్చారు.

గొడవ అక్కడ మొదలైంది. కాలువ మొదట్లో ఉన్న మళ్ళకి నీళ్ళు పొంగి పొర్లుతున్నాయి. శివారు, అంటే కాలువ చివర ఉన్న మళ్ళకి చుక్క చేరడం లేదు. పైవాడు తన మడి నిండినా తూము మూయడు. చివరి మడి వెనక వీధి అమ్మాయిది. మొలిచిన మూడో రోజుకి దాని మొలకలు వాడిపోయాయి. ఏడవలేదు. వాళ్ళ నాన్న శివారు భూమి చేస్తారు, నీటి ఎద్దడి ఏడాదిలో ఇంట్లో జరిగే మాటలు దానికి కొత్త కాదు. "వంతులు పెట్టాలి" అంది. దాళ్వాలో నీళ్ళు తక్కువైనప్పుడు మన కాలువలకి వంతులవారీగా వదిలినట్టే. పైవాళ్ళు ఒప్పుకోలేదు. వాదన రెండు పూటలు నడిచింది. నన్ను తీర్పు చెప్పమన్నారు, చెప్పలేదు. ఆ పిల్ల వాళ్ళని మళ్ళు మార్చుకుని ఒక పూట తన చోట కూర్చోమంది. అలాగే చేశారు. పైవాడు శివార్లో కూర్చుని బూర కోసం ఎదురుచూశాడు. మర్నాడు వంతులు ఒప్పుకున్నారు. కాకి లెక్కలు లేకుండా బకెట్ల లెక్కన, ముందు శివారుకి, తర్వాత పైకి. తూముల దగ్గర ఉండే పిల్లలకి లస్కర్లని, కాలువల మీద నీళ్ళు వదిలేవాళ్ళ పేరు పెట్టుకున్నారు.

నా మటుకు నాకు ఈ సెలవుల్లో జరిగినవాటిలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. ఎంత ఖరీదైన వేసవి శిబిరంలోనైనా పిల్లలకి గొడవపడే తీరిక, ఆ గొడవని తామే తీర్చుకునే తీరిక ఇస్తున్నారా అని అడగాలనిపిస్తుంది.

వంతుల తర్వాత ఇంకో బాధ బయటపడింది. పై మళ్ళలో నీళ్ళు నిలిచి మెంతులు కుళ్ళాయి. నీళ్ళు రావడానికి దారి ఉంది, పోవడానికి లేదు. పక్కింటి మామ్మగారి భర్త వచ్చి చూసి, "మురుగుకాలువేదర్రా?" అన్నారు. మన డెల్టాలో పంట కాలువ ఎంత ముఖ్యమో మురుగుకాలువ అంత ముఖ్యమని, 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలపు వరి, వెయ్యకుండా మానేసినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు పూడిపోయిన డ్రెయిన్ల మాట కూడా ఉందని పిల్లలకి చెప్పారు. మళ్ళ కింది వైపు సన్నటి గాడి తీసి సముద్రంలోకి కలిపారు.

రోహిణి కార్తె

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. పొద్దున్న ఎనిమిదికే పని ఆపేస్తున్నాం. సాయంత్రం ఐదు దాటాకే మళ్ళీ.

ఎండకి గట్లు నెర్రెలిచ్చాయి. అయినా వరద పరీక్ష పెట్టాలని పట్టుబట్టారు. ప్రతి ఏటా జులై, ఆగస్టుల్లో టీవీలో వినే మాటలే: ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఐస్‌క్రీమ్ పుల్ల మీద మూడు గీతలు గీసి ఆనకట్ట దగ్గర గుచ్చారు. అందరూ ఒకేసారి బకెట్లు వంచారు. మూడో గీత మునిగింది. లంకలు మునిగాయి, వసిష్ఠ గట్టు ఒకచోట గండి పడింది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి 35 లక్షల ఘనపుటడుగులు, దాటిందని విన్నారు కానీ, గట్టు తెగాక నీళ్ళు ఎంత తొందరగా మళ్ళ మీద పడతాయో ఇప్పుడే చూశారు. గండి పూడ్చడానికి పెద్దాడు మట్టి పోస్తుంటే కొట్టుకుపోతోంది. వెనక వీధి అమ్మాయి చిన్న చిన్న సంచుల్లో ఇసుక కట్టి తెచ్చింది.

వరద తీశాక నాకు చాలా నచ్చిన దృశ్యం ఒకటి. గౌతమి సముద్రంలో కలిసే చోట టార్పాలిన్ మీద విసనకర్ర ఆకారంలో మట్టి పరుచుకుంది. చేత్తో తడిమి చూడమన్నాను. నది నోటి దగ్గర గరుకు ఇసుక, దూరంగా మెత్తటి ఒండ్రు. నీటి వేగం తగ్గగానే బరువైనవి ముందు దిగిపోతాయి, తేలికవి దూరం పోతాయి. మనం నిలబడ్డ నేల, ఈ కొబ్బరితోట, అమలాపురం, అన్నీ ఇలాగే ఏర్పడ్డాయని చెబితే చిన్నది కాళ్ళ కింద మట్టిని కొత్తగా చూసుకుంది.

ఆ ఒడ్డు అలలకి విరిగిపోతోంది. పళ్ళెంతో నీళ్ళు ఊపి అలలు చేస్తున్నారు లెండి. పోయినేడాది కోరంగి మడ అడవిలో చెక్కబాట మీద నడిచినప్పుడు చూసిన శ్వాసవేర్లు ఎవరికో గుర్తొచ్చాయి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. ఈనెలు చిన్న ముక్కలుగా విరిచి ఒడ్డంతా ఒత్తుగా గుచ్చారు. గుచ్చిన సగం ఒడ్డు నిలిచింది, గుచ్చని సగం కరిగిపోయింది. రెండు సగాలూ పక్కపక్కనే ఉండడంతో నేను వివరించాల్సింది ఏమీ లేకపోయింది.

జూన్ మొదటి వారం

మెంతికూర కోసి పప్పులో వేశాం. శివారు మడిలోది కూడా.

చెల్లెలి పిల్లలు ఆదివారం బయలుదేరుతున్నారు. మృగశిర వస్తోంది కాబట్టి సముద్రం గొయ్యి వానలకి ముందే పూడ్చేస్తున్నాం, టార్పాలిన్ కడిగి ఆరేశాం. పాయలు, ఆనకట్ట అలాగే ఉంచుతాం. మొదటి వానకి గట్లు ఎక్కడ కోసుకుపోతాయో గీసి పెడతానని ఎదురింటి అబ్బాయి నోటుబుక్కు సిద్ధం చేసుకున్నాడు.

ఒక్క పని మిగిలింది, లాకులు. పై మట్టం నుంచి కింది మట్టానికి పడవని దింపడానికి రెండు తలుపులు, మధ్యలో తొట్టి. డొక్కతో పడవ, తాటాకు తెరచాప తయారుగా ఉన్నాయి. పెంకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు కారిపోయి తొట్టి నిండడం లేదు. సైకిలు ట్యూబు ముక్కలు అంచులకి అంటించి చూద్దామని వెనక వీధి అమ్మాయి అంటోంది. రేపు పొద్దున్న సైకిల్ షాపుకి వెళ్ళాలి.